దారం లేని కుట్టు

గౌరయ్య కంచం ముందు నుంచి మళ్ళీ లేచిపోయాడు. శుక్రవారం పొద్దున బౌరంపేట్ నుంచి ఆ ఫోను వచ్చాక ఇది నాలుగోసారి. జొన్నరొట్టె తుంచింది తుంచినట్టే ఉంది.

"సూసినవా?" అన్నాడు రమేష్ భార్య వైపు తిరిగి. "రెండు దినాల సంది బాపు కడుపుల బుక్కెడు బువ్వ పడలే. అంత నీ ఫాంటు పుణ్యం."

"నేనేం జేసిన? ఒక్క అక్షరం రాసియ్యమన్న. గోడ కనబడితె చాలు, రాసి పెట్టిన మనిషి. ఒక్క 'ఝ' రాయమంటె గింత పరేషాన్ ఏందో నాకూ సమజైతలేదు."

"సమజైనా కాకపోయినా కార్డుల మేడంకు ఫోన్ కొట్టు. రేపు రావద్దని చెప్పు."

"సోమవారం కార్డులు ప్రెస్సుకు పోవాలె. పెండ్లిపిల్ల పేరు ఝాన్సీ. పిల్ల పేరే లేకుంటె అదేం పెండ్లికార్డు?"

"వేరే అక్షరాలతోని కొట్టుకోమను. దునియల అక్షరాలే కరువైనయా?"

ఆ మాట బిందుకు చురుక్కుమంది. మామ వదిలేసిన కంచం తీసింది.

గోడవారగా మిషను ముందు కూర్చుని అత్త దుర్గాబాయి జాకెట్టుకు చేతులు అతుకుతోంది. కొడుకూ కోడలూ కొట్లాడుకుంటే మధ్యలో దూరి ఇద్దరినీ కలిపి తిట్టడం ఆవిడ అలవాటు. రెండు రోజులుగా ఆ తిట్లు లేవు. మామ పస్తు కన్నా అత్త మౌనమే బిందుకు వింతగా తోచింది.

ఇంతకీ ఈ ముసలాయన్ను పస్తు పడుకోబెట్టిన ఆ అక్షరాలు ఎక్కడివో చెప్పుకోవాలి. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా పాత మనుషులెవరిని అడిగినా 'రాతల గౌరయ్య' అంటే చాలు, అలియాబాద్‌లో ఇల్లు చూపిస్తారు. కిరాణం బోర్డులు, బడి గోడలు, పెళ్ళి పందిట్లో పెట్టే పేర్ల పలకలు, అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షులు డబ్బాలోకి వెళ్ళిపోయాయి. పెళ్ళికి ముందు మేడ్చల్‌లో ఒక ఫ్లెక్సీ షాపులోనే కంప్యూటరు పని నేర్చుకున్న పిల్ల ఈ ఇంటికే కోడలుగా వచ్చింది. మామ ఒక్కనాడు కూడా ఆ సంగతి ఎత్తిపొడవలేదు.

కిందటి ఎండాకాలం అటక మీద ఒక రేకు పెట్టె దొరికింది. నిండా చుట్టలు చుట్టిన పాత కాగితాలు. పలక మీద రంగు వేసే ముందు గీసుకున్న నమూనాలు. ఆ అక్షరాలు చూసి బిందు పెట్టె ముందే కూర్చుండిపోయింది. అంత సన్నని గీత. ఎక్కడా తొణకదు, ఎక్కడా తెగదు. తలకట్టు పెట్టీ పెట్టనట్టు ఉంటుంది, కొమ్ము చివర కొద్దిగా వంగి ఆగుతుంది. మనిషెవరో దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడినట్టుండే రాత.

ఆరు నెలలు కష్టపడి ఒక్కో అక్షరాన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది. గుణింతాలు, ఒత్తులు సరిచేసింది. ఎవరినీ అడగకుండా, అలా తయారైన ఫాంటుకు 'గౌరయ్య' అని పేరు పెట్టేసింది. అడగడానికేముంది, రాత ఆయనదే కదా.

బౌరంపేట్‌లో పెళ్ళికార్డులు డిజైను చేసే హరిచందన దాన్ని చూసి వదల్లేదు. భీమవరం నుంచి వచ్చి అక్కడి కొత్త కాలనీలో స్థిరపడిన మనిషి, పనిలో మహా గట్టి. "ఈ రాత పేర్లకే వాడాలి బిందూ. ముహూర్తమూ, అడ్రసూ మామూలు అక్షరాల్లో వేద్దాం. ఇంత సన్నని గీతని చిన్నది చేస్తే చచ్చిపోతుంది, చుట్టూ ఖాళీ ఉంటేనే ఊపిరాడుతుంది" అంది. ఇప్పుడు ఆ రాత కార్డుల మీద నుంచి స్వీటు డబ్బాల మీదికి, బారసాల పిలుపుల మీదికి, విల్లాల గుమ్మాల పక్కన ఇంటి పేర్ల మీదికి కూడా పాకింది.

అన్నీ బాగున్నాయి కానీ 'ఝ' లేదు. ముప్పై ఏళ్ళలో ఈ చుట్టుపక్కల ఏ కిరాణానికీ ఏ పందిరికీ ఆ అక్షరంతో పని పడలేదు కాబోలు, పెట్టెలో ఒక్క కాగితం మీద కూడా కనబడలేదు. వేరే అక్షరాల ముక్కలు తెచ్చి బిందు అతికించి చూసింది. హరిచందన ఒక్క చూపులో పట్టేసింది. "ఇది మీ మామగారి చెయ్యి కాదు. ఆదివారం నేనే వస్తాను. ఆయన చేత్తో రాయిద్దాం, రాస్తుంటే వీడియో కూడా తీద్దాం" అని ఫోన్లో చెప్పింది. స్పీకరులో ఆ మాటలు విన్న గౌరయ్య అప్పటికి నోట్లో పెట్టుకున్న ముద్ద మింగి లేచాడు.

*

రమేష్ తుర్కపల్లి మందుల కంపెనీకి డ్యూటీకి పోయాక బిందు బయటి రేకుల కిందికి వచ్చింది. గౌరయ్య పాత బ్రష్షులు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక బ్రష్షులో దారి తప్పిన వెంట్రుకను గోటితో పట్టి లాగుతున్నాడు.

"మామా, ఒక మాట అడగాల్నా?"

"అడుగు బిడ్డ."

"రాయనంటె రాయకు. బలిమి లేదు. ఎందుకో చెప్పు, సాలు."

"కండ్లు కనవడ్తలేవు."

అంటూనే ఆ ఒక్క వెంట్రుకనూ ఊడబీకి పక్కన పడేశాడు. బిందు దాన్ని చూసింది, ఆయన కళ్ళనూ చూసింది.

"చెయ్యి గూడ వణుకుతాంది" అన్నాడు గౌరయ్య, కళ్ళ కారణం నిలబడదని తెలిసిపోయి.

చెయ్యి వణకడం లేదు. బ్రష్షు పట్టిన వేళ్ళు స్థిరంగా ఉన్నాయి. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు పాపం. బిందుకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"అయితె నేనే గీస్త. యాడ మొదలు పెట్టాలె, యాడ మలపాలె, నువ్వు పక్కన కూసోని చెప్పు. గదన్న చెప్తవా?"

"గది... గది మీ అత్తను..." అని గౌరయ్య ఠక్కున ఆగాడు. బ్రష్షు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. "మీ అత్తను జర సల్ల కలపమను. తాగుత" అన్నాడు.

మజ్జిగ తెస్తే గ్లాసు పక్కన పెట్టుకుని తాగనే లేదు. తాగే ఉద్దేశం లేనివాడు సల్ల ఎందుకు అడిగాడు? ఆ మాట మధ్యలో అత్త ఎందుకు వచ్చింది? ఏదైనా అర్థం కాకపోతే బిందుకు కాళ్ళు ఒకచోట నిలవవు. నేరుగా రేకు పెట్టె దగ్గరికి పోయింది.

నమూనా కాగితాలన్నిటి మీదా గీతల వెంబడి సన్నటి సూది బెజ్జాలున్నాయి. వాటి పనేమిటో బిందుకు ముందే తెలుసు. కాగితాన్ని పలక మీద ఆనించి, గుడ్డమూటలో సుద్దపొడి పోసి అద్దితే, పొడి బెజ్జాల్లోంచి దిగి పలక మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెంట రంగు వేస్తారు. కంప్యూటరులో ఆ చుక్కల్ని చెరిపీ చెరిపీ ఆరు నెలలు ఆమె వేళ్ళు పడిపోయాయి. చెరపడమే గాని వాటిని సరిగా చూసింది లేదు.

ఇవాళ కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య ఒకటే ఎడం. నిలువు గీతలోనూ అంతే, సున్నా చుట్టినచోటా అంతే. చేత్తో గుచ్చితే ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా పడాలి కదా.

కాగితం పట్టుకుని అలాగే తల తిప్పింది. ఎదురుగా కుట్టుమిషను ఉంది. దుర్గాబాయి కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి వీధి చివరికి వెళ్ళింది.

బిందు సూదిలోంచి దారం లాగేసింది. పాత పేపరు ముక్క సూది కింద పెట్టి నాలుగు తొక్కులు తొక్కింది. ఆ ముక్కను నమూనా మీద ఆనించింది. బెజ్జం మీద బెజ్జం వచ్చి కూర్చుంది.

మిషను బల్ల మీద గీసి, ఇంకా కత్తిరించని జాకెట్టు గుడ్డ ఒకటి పరిచి ఉంది. మెడ దగ్గర దుర్గాబాయి సుద్దబిళ్ళతో గీసిన వంపు. భుజం దగ్గర సన్నగా మొదలై, చెయ్యి ఎత్తకుండా కిందికి జారి, పైకి తిరిగి, కొద్దిగా వంగి ఆగింది. ఆ వంపును బిందు ఆరు నెలలు చూసింది. 'ద' పొట్ట అది. 'ర' పొట్ట అది. బ్రష్షు పట్టేవాడు వంపు దగ్గర చెయ్యి ఎత్తి మళ్ళీ పెడతాడు. ఇలా ఒక్క ఊపులో తిప్పేది గుడ్డ మీద మెడ గీసే చెయ్యే.

"సూదిల దారమెందుకు తీసినవ్?"

దుర్గాబాయి గుమ్మంలో నిలబడి ఉంది.

బిందు రెండు కాగితాలూ ఎత్తి చూపించింది. అత్త వాటిని చూసింది. వచ్చి మిషను ముందు కూర్చుని, దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది.

"అత్తమ్మా, నీకు సదువొస్తదా?"

"రావల్‌కోల్ల ఏడు దాక సదివిన."

"సంఘం మీటింగుల ఏలిముద్ర ఎందుకేస్తవు మరి?"

"సంతకం పెడ్తె నలుగురు సూత్తరు. నీ రాత, నీ పెనిమిటి రాత ఒక్కతీరుగుందేందని అడుగుతరు. ఏం జెప్పాలె?"

బిందుకు ఇంకో సంగతి తట్టింది. పెళ్ళయి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో అత్త ఫోనుకు వచ్చిన ప్రతి మెసేజూ తనే చదివి వినిపించింది. "అయితె నేను సదివి చెప్పినయన్ని నీకు...?"

"నువ్వు సగం ఇడిసిపెట్టి సదివేటిదానివి" అంది దుర్గాబాయి. "మీ అమ్మ నా మీద కోపంతోని పంపినయైతె ఒక్కటి సదవకపోతివి."

బిందు మొహం ఎర్రబడింది. అత్త పెదవి చివర నవ్వు కదిలింది గాని నిలవలేదు.

"ఆయనకు అచ్చరాలు రావు బిడ్డ" అంది మెల్లగా. "బడి మొకం ఎరుగడు. బండ్లకు, తలుపులకు రంగులేసేటోడు. పెండ్లైన ఏడు ఎవలో పిలిచి, దుకాణం మీద పేరు రాస్తవా అన్నరు. రాదనెతందుకు సిగ్గైంది, రాస్తనన్నడు. ఇంటికొచ్చి మంచంల ముడుసుకోని పన్నడు. నేను కాయితం మీద గీసి, మిషన్ల పెట్టి బెజ్జాలు కొట్టిచ్చిన. పొద్దుగూకెటాల్లకు బోర్డు తయారు. ఊరంత మెచ్చుకున్నది."

"అప్పటి సంది గట్లనే?"

"అప్పటి సంది గట్లనే. పొద్దుగాల మిషన్ కాడికొచ్చి నిలవడేది. 'ఏం రాయాలె?' అని అడిగేదాన్ని. ఆయన చెప్పేది, నేను గీసేది. గంతే ముచ్చట. రంగేసుడు మాత్రం ఆయన లెక్క ఎవ్వలికి రాదు. నేను బ్రష్షు పడ్తె బంక కారినట్టు కారుతది."

"నీ కొడుక్కు ఎరుకేనా?" అని బిందు అడిగింది.

"రమేష్‌కు తెల్వదు, తెల్వొద్దు. ఏలిముద్రేసే నిశానీ తండ్రికి పుట్టిన్నని వాడు అనుకోవద్దు" అని దుర్గాబాయి చెయ్యి చాపింది. "నా చేతుల చెయ్యెయ్యి. ఎవలికి చెప్పనను."

బిందు చెయ్యి వేసింది, కానీ తీయలేదు. "ఫాంటుకు పేరు తప్పు పెట్టిన అత్తమ్మా. గది నీ పేరు."

"ఆ పేరే ఉండనీ. ముప్పై ఏండ్లు ఆ పేరును బతికించింది నేనే. ఇప్పుడు నా చేతులతోని సంపాల్నా?" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీకు కావల్సిన అచ్చరం గీసిస్త. రేపు బెజ్జాలల్ల సుద్ద కొట్టి ఆయన రంగేస్తడు. వచ్చినామె సూసి పోతది. పోయి మీ మామకు బువ్వ పెట్టు."

కబురు తెలిసి గౌరయ్య అన్నానికి కూర్చున్నాడు. మూడు సార్లు వడ్డించుకున్నాడు. కానీ తింటున్నంతసేపూ తల ఎత్తలేదు.

*

ఆదివారం పదింటికి హరిచందన వచ్చింది. రేకుల కింద మూడు కాళ్ళ స్టాండు మీద ఫోను బిగించింది. రమేష్‌కు ఇవాళ సెలవు. తండ్రి అన్నం తిన్నాడన్న సంబరంలో తనే వాకిలి ఊడ్చి, నల్లరంగు పూసిన రేకు పలకను గోడకు ఆనించాడు.

గౌరయ్య ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బెజ్జాల కాగితం పలక మీద ఆనించి సుద్దమూట అద్దాడు. కాగితం తీయగానే నల్లటి పలక మీద తెల్లటి చుక్కల్లో 'ఝ' తేలింది. బ్రష్షు తెల్లరంగులో ముంచి, డబ్బా అంచుకు ఒకసారి రాసి, మొదలుపెట్టాడు. ఎక్కడా జంకు లేదు. అక్షరం పూర్తయ్యేసరికి రమేష్ కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు తండ్రి సైకిలు మీద ముందు కూర్చుని ఇలాంటి పలకలెన్ని చూశాడో.

"అబ్బ, ఎంత బాగుందండీ!" అంది హరిచందన. "ఝాన్సీ వాళ్ళకి ఈ వీడియో చూపిస్తే మురిసిపోతారు. గౌరయ్య గారూ, చివర్లో ఒక్కటి చెయ్యండి. కాగితం పెట్టుకోకుండా, ఊరికే చేత్తో, మీ ఆవిడ గారి పేరు రాయండి. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది."

"మేడం, ఎండ మీదికొచ్చింది, చాయ్ తాగుదాం" అంటూ బిందు అడ్డం పడింది.

"ఒక్క నిమిషం బిందూ. నాలుగక్షరాలే కదా."

గౌరయ్య బ్రష్షు ముంచాడు. పలక దగ్గరికి తీసుకెళ్ళాడు. బ్రష్షు కొన పలకకు అంగుళం దూరంలో ఆగింది. ఆగి అక్కడే ఉండిపోయింది. లోపల మిషను చప్పుడు కూడా ఆగింది.

"రాయి బాపు" అన్నాడు రమేష్ నవ్వుతూ. "అమ్మ పేరు మర్సిపోయినవా ఏంది?"

దుర్గాబాయి గుమ్మంలోకి వచ్చింది. పని మధ్యలో లేచి వచ్చింది కాబోలు, సుద్దబిళ్ళ చేతిలోనే ఉంది. "మేడం, ఇగ సాలియ్యుండ్రి" అంది. "ఆయనకు పానం బాగలేదు. చెయ్యి వణుకుతాంది."

"అయ్యో, అలాగా! వద్దులెండి మరి" అంది హరిచందన కంగారుగా.

అక్కడితో ముగిసిపోవలసిందే. బిందు ఊపిరి పీల్చుకుంది కూడా.

గౌరయ్య బ్రష్షు దించలేదు. చెయ్యి ముందుకు చాపి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. "వణుకుతలేదు దుర్గా" అన్నాడు. "నీకెరుకే. ఈ చెయ్యి ఎన్నడు వణకలే. దీనికి అచ్చరాలే రావు."

రమేష్ నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. "ఏందది బాపు?"

"గీ రాతలు నాయి గావు బిడ్డ. ఒక్కటి గూడ నాది గాదు. గా కంప్యూటర్ల ఉన్నయి గూడ నాయి గావు. అన్ని మీ అమ్మయి. నేను రంగేసిన, గంతే."

హరిచందన ఒకసారి గౌరయ్యనూ ఒకసారి బిందునూ చూసింది. నీకు ముందే తెలుసా అన్న ప్రశ్న ఆవిడ చూపులో ఉంది. బిందు తల దించుకుంది. రమేష్ చటుక్కున లేచి ఫోనుకు అడ్డంగా నిలబడ్డాడు.

"బంద్ జేయుండ్రి మేడం! గిది మా ఇంటి ముచ్చట."

"వాణ్ని జరుగుమను" అన్నాడు గౌరయ్య బిందుతో. బ్రష్షు డబ్బాలో పెట్టాడు. పలకకు పక్కగా జరిగి భార్యకు చోటిచ్చాడు.

దుర్గాబాయి కదలదేమో అనుకుంది బిందు. కానీ ఆవిడ గడప దాటింది. కొడుకును చూడలేదు, ఫోనునూ చూడలేదు. భర్త ఎదురుగా వచ్చి నిలబడి, ముప్పై ఏళ్ళు ప్రతి పొద్దునా అడిగిన గొంతుతోనే అడిగింది.

"ఏం రాయాలె?"

"నీ పేరు" అన్నాడు గౌరయ్య.

రమేష్ జరగలేదు. దుర్గాబాయి సుద్దబిళ్ళ పలక మీద ఆనించింది. ఎందరి దుకాణాలకో, ఎందరి పెళ్ళిళ్ళకో పేర్లు గీసిన చెయ్యి. ఈ పేరు రాయమని మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మొదటి అక్షరం ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆ చెయ్యి పలక మీదే ఆగింది, సన్నగా వణుకుతూ.